మీకు తెలుసా? స్టాంపు మీద అడ్డంగా సంతకం ఎందుకు?

నాన్నగారు పోయిన కొన్నాళ్లకు ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే పాత పంచాంగాల మధ్య ఒక ప్రామిసరీ నోటు దొరికింది. స్టేషనరీ కొట్లో పుస్తకంగా అమ్మే అచ్చు ఫారమే. అరవై వేలు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, తేదీ 12-6-2014. కింద రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా మా వీధిలోనే ఉండే ఒక బాబాయి సంతకం. ఆ నోటు మా కంట పడింది 2018లో. వెళ్లి అడిగితే బాబాయి నవ్వేశాడు. "దానికి కాలం చెల్లిపోయింది కదరా అబ్బాయ్, ఇంకా ఆ కాగితం దాచుకుని ఏం చేస్తావు?" అన్నాడు.

నిజమే కాబోలనుకుని ఇంటికొచ్చాను. రాత్రి భోజనాలయ్యాక నోటు తిరగేస్తే వెనక పెన్నుతో రాసిన ఒక వంకర వాక్యం కనిపించింది. దాని సంగతి తర్వాత చెబుతాను. ఆ వాక్యం పట్టుకుని ప్లీడరుగారి గుమ్మం ఎక్కిదిగిన రోజుల్లో నాకు తెలిసొచ్చిన కబుర్లు కొన్ని ముందు వినండి. నోట్లు, చెక్కులు, ఫలానావారికి ఇంత ఇమ్మని ఇంకొకరి మీద రాసే వినిమయ బిల్లులు, ఈ మూడింటినీ ఏలే చట్టం 1881 నాటిది. పేరు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. 1882 మార్చి 1న అమల్లోకి వచ్చింది, ఇప్పటికీ అదే. పేరు పలకడానికి కష్టం గానీ భావం చిన్నదే: చేతులు మారగలిగే డబ్బు కాగితాలు.

స్టాంపు కథ

స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేయించడం మన పెద్దల ఆచారం అనుకునేవాణ్ని. అది చట్టం. అంటించిన స్టాంపును మళ్లీ ఇంకో కాగితానికి వాడే వీల్లేకుండా కొట్టేయాలని 1899 నాటి స్టాంపు చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. కొట్టేయని స్టాంపు ఉన్నా లేనట్టే లెక్క. అందుకే సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా పెట్టిస్తారు.

అసలు కాఠిన్యం 35వ సెక్షన్‌లో ఉంది. అమ్మకం అగ్రిమెంటుకో, అద్దె కాగితానికో స్టాంపు తక్కువైతే కోర్టులో ఆ లోటూ జరిమానా కట్టి గట్టెక్కవచ్చు. ప్రామిసరీ నోటుకూ వినిమయ బిల్లుకూ ఆ దారి లేదు. ఆ రెండింటినీ పేరు పెట్టి మరీ బయట నిలబెట్టారు. పది రెట్లు కడతాను మహాప్రభో అన్నా స్టాంపు లేని నోటును జడ్జిగారు సాక్ష్యంగా తీసుకోరు. నోటు మీద సుంకం రేటు నిర్ణయించేది రాష్ట్రాలు కాదు, కేంద్రం. కోరినప్పుడు ఇస్తాననే నోటుకైతే అది పైసల్లోనే ఉంటుంది. రూపాయి స్టాంపు అంటిస్తున్నామంటే నిజానికి ఎక్కువే ఇస్తున్నాం. లక్షల అప్పు ఆ రూపాయి బిళ్ల మీద నిలబడి ఉంటుంది.

అదే సాక్షుల సంగతి చూడండి. మనవాళ్లు ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టి, దస్తూరి రాసినవాడి పేరు కూడా వేయించి గానీ వదలరు. ప్రామిసరీ నోటుకు సాక్షులు ఉండి తీరాలని చట్టం ఎక్కడా అనలేదు. 'ఆ సంతకం నాది కాదు' అని బాకీదారు అడ్డం తిరిగిన రోజున మాత్రం ఆ ఇద్దరే దిక్కు.

నల్ల గుర్రం ఇస్తానంటే కుదరదు

ఏది నోటో ఏది కాదో చెప్పడానికి 1881 చట్టం 4వ సెక్షన్ కింద కొన్ని ఉదాహరణలు ఇచ్చారు. చట్టం రాసినవాళ్లకు హాస్యం ఉండదని ఎవరన్నారో గానీ, అవి చదివితే చిన్న కథల్లా ఉంటాయి. ఫలానా ఆవిడతో నా పెళ్లయిన ఏడు రోజులకు 500 రూపాయలు ఇస్తాను అని ఒకడు రాస్తాడు. అది నోటు కాదు. పెళ్లి అవుతుందో లేదో ఎవరికి తెలుసు? 500 రూపాయలతో పాటు జనవరి ఒకటిన నా నల్ల గుర్రాన్ని కూడా అప్పగిస్తాను అంటాడు ఇంకొకడు. అదీ కాదు. డబ్బు తప్ప వేరే వస్తువు ఇస్తానన్న మాట అందులో ఉండకూడదు. ఫలానా ఆయన కాలం చేశాక ఇస్తాను, ఆయన నాకు ఆ బాకీ తీరేంత వదిలి వెళ్తే, అంటాడు మూడోవాడు. ఆ చివరి మాట కొంప ముంచింది. ఉత్తగా 'ఆయన కాలం చేశాక' అని ఊరుకుంటే చిక్కు ఉండేది కాదు. చావు ఎప్పుడో తెలియకపోయినా రావడం మాత్రం ఖాయం, చట్టానికి ఆ ఖాయం చాలు.

పత్తి అమ్మగానే ఇస్తాను, అమ్మాయి పెళ్లి కాగానే ఇస్తాను అని రాసుకునే కాగితాలన్నీ ఈ తూకంలో తేలిపోతాయి. అవి ఒప్పందాలుగా పనికొస్తాయేమో గానీ ప్రామిసరీ నోట్లు మాత్రం కావు.

ఇంకో మాట. నోటులో అప్పిచ్చినవాడి పేరు ఉండి తీరాలి. 'ఈ కాగితం తెచ్చినవారికి ఇస్తాను' అని మీరూ నేనూ నోటు రాయకూడదని రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షన్ కట్టడి చేసింది. ఎందుకో తెలుసా? తెచ్చినవారికల్లా ఇస్తానంటూ కాగితం జారీ చేస్తే అది ఇంచుమించు కరెన్సీయే. సొంత కరెన్సీ అచ్చేసుకోవడం కుదరదు కదా.

జేబులో ఉన్న మాట

'తెచ్చినవారికి ఇస్తాను' అని రాసే అధికారం ఉన్నవాళ్లు రాశారో లేదో జేబులోంచి ఒక పది రూపాయల నోటు తీసి చూడండి. తెచ్చినవారికి ఇన్ని రూపాయలు చెల్లిస్తానని మాట ఇస్తున్నాను అని ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ రాసి, కింద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉంటుంది. చదవడానికి అచ్చమైన ప్రామిసరీ నోటే. అందుకే 1881 చట్టం ముందు జాగ్రత్తగా 'బ్యాంకు నోటు, కరెన్సీ నోటు తప్ప' అని నిర్వచనంలోనే గీత గీసింది. 2003 నుంచి 2008 దాకా ఆ మాట ఇచ్చిన సంతకం వై.వి.రెడ్డి గారిది, ఆ తర్వాత 2013 దాకా దువ్వూరి సుబ్బారావు గారిది. పదేళ్ల పాటు దేశం మొత్తానికి హామీ సంతకం పెట్టింది ఇద్దరు తెలుగువాళ్లే.

రూపాయి కాగితం మాత్రం వేరు జాతి. దాని మీద మాట ఇవ్వడమూ లేదు, గవర్నరు సంతకమూ లేదు. అది భారత ప్రభుత్వం వేసేది, సంతకం ఆర్థిక శాఖ కార్యదర్శిది. 1994లో ముద్రణ ఆపి 2015లో మళ్లీ మొదలుపెట్టారు. అన్నట్టు, నోటు మీద భాషల పట్టీలో తెలుగు ఎన్నోదో చూశారా? పదిహేనింట్లో కింది నుంచి రెండోది. ఇంగ్లిష్ అక్షర క్రమంలో పేర్చారు కాబట్టి మన కింద ఉర్దూ ఒక్కటే మిగిలింది.

సంక్రాంతి సెలవుకూ అప్పుకూ చుట్టరికం

ఏటా ప్రభుత్వం సెలవుల జాబితా వేసినప్పుడు పేపర్లో ఒక వాక్యం వస్తుంది: నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద సెలవులు ఇవీ అని. సంక్రాంతికీ ఉగాదికీ బ్యాంకు తలుపు మూసి ఉండటానికి ఆధారం ఈ అప్పు కాగితాల చట్టంలోని 25వ సెక్షనే. గడువు తీరే బిల్లులు సెలవు రోజున పడితే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబుగా పుట్టిన సెక్షన్ అది. బ్యాంకు ఉద్యోగుల పండగ సెలవు దాని పుణ్యమే.

జవాబు మాత్రం మనం ఊహించేదానికి తిరకాసుగా ఉంటుంది. కరెంటు బిల్లు గడువు ఆదివారం పడితే సోమవారం కడదాంలే అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. గడువు రోజు సెలవైతే దానికి ముందు పనిదినానికే బాకీ తీర్చాలి. ముందు మూడు రోజుల దయ మాత్రం ఉంది. గడువు పెట్టి రాసిన నోటుకు ఆ గడువు రోజు మీద ఇంకో మూడు రోజులు కలిపి లెక్కేస్తారు. డిసెంబరు 12న నెల గడువుతో నోటు రాశారనుకోండి. జనవరి 12, దానికి మూడు కలిపితే 15. ఆ రోజు సంక్రాంతి సెలవైతే, వెనక్కి వెళ్లి దొరికిన మొదటి పనిదినమే గడువు. భోగి కూడా సెలవైతే ఇంకా వెనక్కి. పండగ ఖర్చులకు దాచుకున్న డబ్బు పండగ ముందే అప్పుకు పోతుంది.

గమ్మత్తేమిటంటే, ఈ గడువు లెక్కలకు 1881 చట్టంలో ఇచ్చిన ఉదాహరణల్లో తేదీలు 1878వి. ఆగస్టు 31న మూడు నెలల గడువుతో రాసిన బిల్లు ఎప్పటికి? నవంబరులో 31 లేదు కాబట్టి 30, దానికి మూడు కలిపి డిసెంబరు 3. ముసాయిదా ఎన్నేళ్లు నలిగిందో ఆ తేదీలే చెబుతున్నాయి. మన ఊళ్లలో నోట్లు మాత్రం దాదాపు అన్నీ 'మీరు కోరినప్పుడు' ఇస్తాననే రకం. వాటికి ఈ మూడు రోజుల దయ లేదు. అడిగిన నాడే గడువు.

దొంగ చేతిలోంచి వచ్చినా

చేతులు మారే కాగితానికున్న బలం తెలియాలంటే లండన్ తపాలా బండి దగ్గరికి వెళ్లాలి. 1756 డిసెంబరు 11 రాత్రి ఆ బండిని దొంగలు దోచుకున్నారు. విలియం ఫిన్నీ అనే ఆయన ఒకరికి పంపిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటు ఒకటి అందులో పోయింది. విలువ 21 పౌన్ల 10 షిల్లింగులు, ఫిన్నీకి గానీ తెచ్చినవారికి గానీ చెల్లించాలని దాని మీద ఉంది. మర్నాటికి అది మిల్లర్ అనే సత్రం యజమాని చేతికి చేరింది. వ్యాపారంలో భాగంగా, పూర్తి విలువ ఇచ్చి, దొంగసొత్తని తెలియకుండానే తీసుకున్నాడాయన. నగదు కోసం బ్యాంకుకు వెళ్తే, ఫిన్నీ అప్పటికే చెల్లింపు ఆపించాడు కాబట్టి రేస్ అనే గుమాస్తా డబ్బు ఇవ్వలేదు, నోటూ తిరిగివ్వలేదు. మిల్లర్ దావా వేశాడు. 1758లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు ఆయన వైపే వచ్చింది. పోయిన వస్తువును వెతుక్కున్నట్టు బ్యాంకు నోటును వెతుక్కోవడం కుదరదు, లోకం దాన్ని డబ్బుగానే చూస్తోంది, నిజాయితీగా తీసుకున్నవాడి దగ్గర్నుంచి లాక్కుంటే వ్యాపారమే సాగదు అన్నది ఆ తీర్పు సారం.

ఈ చట్టం మొత్తానికి వెన్నెముక అదే. మీ సైకిల్ దొంగ నాకు అమ్మాడనుకోండి, నేనెంత అమాయకంగా కొన్నా అది మీదే. చేతులు మారే కాగితం విషయంలో అలా కాదు. విలువ ఇచ్చి, గడువు తీరకముందే, లోపం ఉందని అనుమానించే కారణం లేకుండా తీసుకున్నవాడికి, ఇచ్చినవాడికి లేని హక్కు కూడా దక్కుతుంది. మన చట్టంలో ఇది 9వ సెక్షన్. దీనికి ఒక హద్దు ఉంది: ఫోర్జరీ సంతకంతో చేతులు మారితే ఎవరికీ ఏ హక్కూ రాదు. దొంగ చేతిని చట్టం సహించింది గానీ దొంగ సంతకాన్ని సహించలేదు.

'ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు నా మీద దావా వేశాడు' అని కోర్టు వరండాల్లో లబోదిబోమనేవాళ్లు కనిపిస్తారు. అప్పిచ్చిన ఆసామి నోటు వెనక సంతకం పెట్టి ఇంకొకరికి మార్చేసి ఉంటాడు. అచ్చు ఫారంలో 'మీకు గానీ మీ ఆర్డరు పొందినవారికి గానీ' అన్న ముక్క చదవకుండా సంతకం పెట్టినందుకు ఫలితం అది.

చెక్కు ముచ్చట్లు

చెక్కు అంటే వేరే వింత వస్తువేమీ కాదు. బ్యాంకు మీద రాసిన, అడగ్గానే చెల్లించాల్సిన వినిమయ బిల్లు, అంతే. ముందు తేదీ వేసి ఇచ్చిన చెక్కు ఆ తేదీ వచ్చేదాకా చెక్కు కూడా కాదు, ఉత్త బిల్లే అని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది.

అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి రాస్తే? 18వ సెక్షన్ అక్షరాల పక్షం. అంకెకు ఒక సున్నా తగిలించడం ఎంతసేపు? 'యాభై వేలు' అన్నదాన్ని మార్చడం అంత తేలిక కాదు. ఆ అక్షరాలు తెలుగులో రాయవచ్చు కూడా. చెక్కు ఫారాలు హిందీ, ఇంగ్లిష్‌లలో అచ్చేసినా, రాసేవాళ్లు ఆయా ప్రాంతీయ భాషల్లో రాసుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. కౌంటర్లో ఎవరైనా ముఖం చిట్లిస్తే ఈ మాట గుర్తు చేయండి. మన భాష చెల్లదనే అధికారం ఆ కుర్చీకి లేదు.

మూలన గీసే రెండు అడ్డగీతలకు అర్థం ఒకటే: కౌంటర్లో నగదు ఇవ్వొద్దు, బ్యాంకు ఖాతా ద్వారానే ఇవ్వాలి. ఆ గీతలు చెక్కు రాసినవాడే గీయాలని లేదు. పుచ్చుకున్నవాడూ గీసుకోవచ్చు. పైన రాసే 'అకౌంట్ పేయీ' అన్న మాట మాత్రం 1881 చట్టంలో లేదు, బ్యాంకుల వాడుకలోంచి వచ్చి స్థిరపడింది. చెక్కు అడుగున ఉండే తొమ్మిది అంకెల ఎంఐసీఆర్ కోడ్‌లో మొదటి మూడూ ఊరి గుర్తు, పిన్‌కోడ్ మొదటి మూడంకెలే అవి. హైదరాబాద్‌కు 500, విజయవాడకు 520, విశాఖకు 530. ఇప్పుడు చెక్కు కాగితం ఊళ్లు తిరగడం మానేసింది, దాని బొమ్మే తిరుగుతోంది. 2025 అక్టోబరు 4 నుంచి రోజంతా ఆగకుండా క్లియరింగ్ నడుస్తోంది. పొద్దున వేసింది సాయంత్రానికి తేలిపోతుంది. రేపు ఖాతాలో డబ్బు వేద్దాంలే అని ఇవాళ చెక్కు రాసిచ్చే అలవాటు ఉన్నవాళ్లకు ఇది మంచి వార్త కాదు.

ఖాళీ గదిలోకి వచ్చిన 138

చెక్కు బౌన్సు కేసును మన కోర్టుల్లో అందరూ '138 కేసు' అనే పిలుస్తారు. ఆ నంబరు గదిలో మొదట కాపురం ఉన్నది నోటరీలు. 1952లో నోటరీలకు సొంత చట్టం వచ్చి వాళ్లు ఖాళీ చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ గది ఖాళీ. 1988లో సవరణ తెచ్చి చెక్కు బౌన్సును నేరం చేసి అందులో కూర్చోబెట్టారు. 1989 ఏప్రిల్ 1 నుంచి అమలు. మొదట ఏడాది దాకా జైలు, 2002 సవరణతో రెండేళ్ల దాకా, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ.

పోలీసు స్టేషన్‌కు పరిగెత్తడం దండగ. ఇది మేజిస్ట్రేటు దగ్గర నేరుగా వేసుకునే ప్రైవేటు కంప్లయింటు. అందులో ప్రాణం అంతా తేదీల్లోనే ఉంది. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. 2012 ఏప్రిల్‌కు ముందు ఆరు నెలలుండేది. డబ్బు లేదని బ్యాంకు మెమో మార్చి 3న అందిందనుకోండి, ఏప్రిల్ 2 లోపు నోటీసు పంపాలి. అది అవతలివాడికి అందాక పదిహేను రోజులు ఆగాలి. ఆ లోపు కడితే గొడవే లేదు. కట్టకపోతే అక్కడి నుంచి నెలలోపు కేసు. కేసు వేయడం ఆలస్యమైతే తగిన కారణం చూపించి కోర్టును బతిమాలుకోవచ్చు. నోటీసు ఆలస్యమైతే ఆ దారి లేదు.

పోస్టులో నోటీసు వస్తే తలుపేసుకుని 'ఇంట్లో లేరు' అనిపించే తెలివితేటలు కూడా చెల్లవు. సరైన అడ్రసుకు పంపితే అందినట్టే భావిస్తారని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. ఖాతా మూసేశాను, పేమెంటు ఆపించాను అన్నా తప్పించుకోలేరని అంతకుముందే తీర్పులున్నాయి. అయితే విరాళంగా ఇస్తానని రాసిన చెక్కు వెనక్కి వస్తే నేరం కాదు. చట్టబద్ధమైన బాకీ ఉండాలి.

ఇంత పకడ్బందీగా చేశాక కేసులు తగ్గాయా? 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు ఈ ఒక్క సెక్షన్‌వే. జైలు భయంతో డబ్బు త్వరగా వస్తుందనుకున్నారు. నా లెక్కలో ఆ పథకం కోర్టులకు పని పెంచినంతగా బాకీదారులకు భయం పెంచలేదు. కేసు తేలేలోగా అవతలివాడు ఐపీ పెట్టేస్తాడు. దివాలా పిటిషన్‌కు ఇంగ్లిష్‌లోని రెండు పొడి అక్షరాలను ఇంత చక్కగా తెలుగు క్రియ చేసుకున్నది మనమే.

ఖాళీ కాగితం మీద సంతకం

ఫైనాన్సు వాళ్ల దగ్గర, చిట్టీల దగ్గర ఖాళీ నోటు, ఖాళీ చెక్కు సంతకం చేసి ఇస్తాం. 'ఏమీ రాయలేదు కదా, అది చెల్లదు' అని ధైర్యం. 20వ సెక్షన్ ఆ ధైర్యం మీద నీళ్లు చల్లుతుంది. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇచ్చావంటే, దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే, ఆ స్టాంపు సరిపోయినంత మొత్తం దాకా. ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కును వేరే చెయ్యి నింపినా చెక్కు చెక్కేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ లేదని నిరూపించుకునే అవకాశం సంతకం చేసినవాడికి ఉంటుంది, కానీ మొదటి నమ్మకం కాగితం చేతిలో ఉన్నవాడికే. 118, 139 సెక్షన్లు చెప్పేది అదే: డబ్బు తీసుకునే సంతకం పెట్టావని ముందు అనుకుంటాం, కాదంటే నువ్వే చూపించు.

హుండీ అంటే వేరే హుండీ

మనకు హుండీ అనగానే తిరుమల గుర్తొస్తుంది. ఉత్తరాది షావుకార్లకు గుర్తొచ్చేది ఒక కాగితం. ఒక ఊళ్లో డబ్బు కట్టి, కాగితం పట్టుకెళ్లి, ఇంకో ఊళ్లో తీసుకోవడం. చూపగానే ఇచ్చేది దర్శనీ, గడువుది ముద్దతీ. బజారులో పరువున్న షావుకారుకు మాత్రమే చెల్లించేది షాజోగ్. ఓడలో సరుకు చేరితేనే చెల్లించేది జోఖ్మీ, అంటే హుండీలోనే బీమా కూడా కలిసిపోయింది. పోయిన హుండీకి రెండో ప్రతి పేఠ్, అదీ పోతే మూడోది పర్‌పేఠ్. డబ్బు ముట్టి కొట్టేసిన హుండీ ఖోఖా. ఇన్ని పేర్లతో ఇంత పక్కాగా నడుస్తున్న వ్యవహారాన్ని ముట్టుకోవడానికి 1881లో తెల్లదొరలు కూడా జంకారు. దేశభాషల్లో రాసిన కాగితాలకు స్థానిక ఆచారమే వర్తిస్తుందని, కాగితంలోనే కాదని రాసుకుంటే తప్ప, మొదటి సెక్షన్‌లోనే మినహాయింపు ఇచ్చారు.

రూపాయిన్నర వడ్డీ

నోటులో వడ్డీ గడి ఖాళీగా వదిలేసి, 'రెండు రూపాయలని నోటి మాట అనుకున్నాం లెండి' అనేవాళ్లకు 80వ సెక్షన్ చెప్పే కబురు: కాగితం మీద రేటు లేకపోతే ఏటా 18 శాతమే. మన లెక్కలో నూటికి నెలకు రూపాయిన్నర. బయట ఏమనుకున్నా పనికిరాదు. 1988 సవరణకు ముందు అది 6 శాతమే, అంటే అర్ధ రూపాయి.

నోటు వెనక

ఇప్పుడు మా నోటు దగ్గరికి వద్దాం. కోరినప్పుడు ఇస్తాననే నోటుకు దావా వేసుకోవడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చేది మూడేళ్లు. ఆ మూడేళ్లు అడిగిన రోజు నుంచి కాదు, నోటు రాసిన తేదీ నుంచి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. మా బాబాయి లెక్క ప్రకారం 2017 జూన్ 12తో కాలదోషం పట్టేసింది.

నోటు వెనక ఉన్న వంకర వాక్యం ఇది: 3-4-2016న ఈ నోటు తాలూకు రూ.2,000 చెల్లు. కింద బాబాయి సంతకం. రాత కూడా ఆయనదే, 'ల' అక్షరం గుండ్రంగా కాకుండా నిలువుగా లాగుతాడు. గడువు లోపల బాకీలో కొంత కట్టి, కట్టినట్టు తన చేత్తో రాసినా, సంతకం పెట్టినా, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయని అదే చట్టం 19వ సెక్షన్. అంటే మాకు 2019 ఏప్రిల్ దాకా టైముంది. నాన్నగారు ఆ రెండు వేల కోసం ఆయన ఇంటికి వెళ్లి ఉంటారని నేననుకోను. ఆ సంతకం కోసమే వెళ్లి ఉంటారు.

ప్లీడరుగారు నోటు రెండు వైపులా చూసి, "మీ నాన్నగారు నాకు పని తగ్గించారండీ" అన్నారు. వారసులం కాబట్టి కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెచ్చుకోవాలని మాత్రం చెప్పారు. నోటు జిరాక్సు, వెనక పేజీతో సహా, బాబాయికి పంపించాం. దావా దాకా పోలేదు. ఆ ఏడు మిర్చి అమ్మాక అసలు తెచ్చిచ్చి, వడ్డీలో కొంత మాఫీ అడిగాడు. అమ్మ సరే అంది.

మీ బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో ఇలాంటి నోటు ఉంటే ఇవాళే తీసి తేదీ చూడండి. మూడేళ్లు దగ్గరపడుతుంటే బాకీదారు చేత ఎంతో కొంత కట్టించి, వెనక చెల్లు రాయించి, తేదీ వేయించి సంతకం పెట్టించుకోండి. మూడేళ్లూ దాటిపోయి ఉంటే చెల్లు రాయించినా లాభం లేదు. పాత బాకీ తీరుస్తానని కొత్త నోటు రాయించుకోవాలి. అలా రాసి సంతకం చేసిన మాట కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద చెల్లుతుంది, కాకపోతే అది రాయడానికి ఎదుటివాడు ఒప్పుకోవాలి.

కొత్త నోటుకు కొత్త స్టాంపు మర్చిపోకండి.